అయిదక్షరాల తాళం

సోంబరు మాస్టారి ఇంట్లో పెరటి తలుపుకి గడియ లేదు. బీరువాకి తాళం ఉందిగానీ తాళంచెవి ఎప్పుడో పోయింది, దాన్ని వెతికినవాళ్లూ లేరు. అరకులోయ బజారు దాటి రెండు మలుపులు తిరిగితే, కాఫీ తోట పక్కనే ఉంటుంది ఆ ఇల్లు. అందులో దొంగతనానికి వెళ్లాలంటే దొంగకే మొహమాటంగా ఉంటుంది. అలాంటి ఇంట్లో, ముందుగది మూల బల్ల మీద పూలగుడ్డ కప్పుకుని కూర్చున్న కంప్యూటరుకి మాత్రం కలెక్టరు బంగళాకి కూడా ఉండనంత కట్టుదిట్టం.

ఆ కట్టుదిట్టమంతా మాస్టారి చలవే. ఆశ్రమ పాఠశాలలో హెడ్మాస్టరుగా ఉన్న రోజుల్లో ఆయన్ని కంప్యూటరు శిక్షణకని విశాఖ పంపించారు. తోటివాళ్లంతా బీచి చూసి, చీరలు కొనుక్కుని వచ్చారు. ఈయన మాత్రం పాస్‌వర్డుల మీద భక్తి పట్టుకుని వచ్చారు. రిటైరయ్యాక సొంతంగా కంప్యూటరు కొనుక్కున్న నాడే దాని లోపలికెక్కడికో వెళ్లి నియమాలు పెట్టేశారు. పాస్‌వర్డు పన్నెండక్షరాలకి తగ్గకూడదు. పెద్దక్షరం ఉండాలి, అంకె ఉండాలి, ఏదో ఒక గుర్తు ఉండాలి. నెలన్నర తిరిగేసరికి మార్చి తీరాలి, పాతది మళ్లీ పెడతానంటే ఒప్పుకోదు. వరసగా తప్పులు కొడితే అరగంటసేపు తెర బిగుసుకుపోతుంది. ఇంట్లో ఉన్నది ముగ్గురు. ఆ ముగ్గురికీ మూడు ఖాతాలు, మూడు తాళాలు.

ఆయన భార్య రత్నమణి ఒకసారి తన పాస్‌వర్డు మరిచిపోయింది. కూతురి పెళ్లి ఫొటోలు చూసుకోవాలి, మీ తాళమేటో నాకు సెప్పండి అని బతిమాలింది.

"నా తాళం నీకు, నీ తాళం నాకు తెలిసిపోతే ఇంక తాళమెందుకే? కొండదేవత ఒంటిమీదకొచ్చి అడిగినా సెప్పకూడదు" అన్నారు మాస్టారు.

ఆవిడకి ఒళ్లు మండి రెండు పూటలు పొయ్యి వెలిగించలేదు. మాస్టారు రాగిపిండితో చోడి అంబలి తనే కాచుకు తాగారుగానీ నోరు మాత్రం విప్పలేదు. మూడో పూట ఆవిడే నవ్వేసి వంటకి లేచింది. అంత మొండిమనిషితో ముప్పయ్యేళ్లు కాపురం చేసినావిడకి ఇదొక లెక్కా!

వాళ్ల ఒక్కగానొక్క కూతురు హేమలత. అది బడి రిజిస్టరులో పేరు. ఇంట్లో పేరు సుక్రి. ఆ కొండల్లో బిడ్డ ఏ వారం పుడితే ఆ వారమే ఇంటిపిలుపు అవుతుంది. సోమవారం పుట్టారు కాబట్టి ఆయన సోంబరు, శుక్రవారం సంత నాడు పుట్టింది కాబట్టి ఈమె సుక్రి. హేమలత అని పిలిచేవాళ్లకి కొదవ లేదు. ఆమె ఆరోగ్య కేంద్రంలో నర్సు, తెల్లకోటు జేబు మీద ఆ పేరే రాసి ఉంటుంది. భర్త ధనుంజయ్ టూరిస్టులని జీపులో తిప్పుతాడు, అతను హేమా అంటాడు. సుక్రి అని పిలిచే నోళ్లు మాత్రం ఈ భూమ్మీద రెండే ఉండేవి. తల్లి పోయాక ఒకటే మిగిలింది. తండ్రిని ఒంటరిగా వదలలేక భార్యాభర్తలిద్దరూ మాస్టారింటికే వచ్చేశారు.

మాస్టారి పిలుపు ఒక తీరు. బడిలో హాజరు పిలిచినట్టు "సుక్రీ" అని చివర సాగదీస్తారు. ఆమె "ఆఁ నాన్నా" అనేదాకా రెండో మాట ఎత్తరు. పక్కనే కూర్చుని ఉన్నా సరే, హాజరు పలకాల్సిందే. పెళ్లయి, ఉద్యోగమొచ్చి, నలుగురికి సూదిమందులు పొడిచే మనిషయ్యాక కూడా ఆ పిలుపు వినగానే ఆమెకి రెండు జడల వయసు తిరిగొచ్చేది.

పొద్దున్నే అంబలి తాగి, కంప్యూటరు మీది గుడ్డ తీసి నాలుగు మడతలు పెట్టి, తాళం తీసి కూర్చోవడం మాస్టారి అలవాటు. అందులో ఆయన ఏటేటా తీయించిన బడిపిల్లల గుంపు ఫొటోలున్నాయి. ఒక్కొక్క మొహం మీద వేలు పెట్టి పేరు చెప్పుకుంటూ పోతారు. అది అయ్యాక పేకముక్కల ఆట ఆడతారు. గెలిస్తే తన తెలివి, ఓడితే కంప్యూటరు మోసం.

రత్నమణి పోయిన మరుసటేడు, ఒకనాడు హేమలత డ్యూటీ నుంచి వచ్చేసరికి తెర బిగుసుకుపోయి ఉంది. మాస్టారు దాని ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. పొద్దున పెట్టిన అంబలి గ్లాసు అలాగే ఉంది. తప్పు చేసి గది బయట నిలబడ్డ పిల్లాడిలా ఉంది ఆయన వాలకం.

"మిషను పాడయ్యింది" అన్నారు, ఆమె మొహంలోకి చూడకుండా.

మిషను పాడవలేదు. మర్నాడూ అదే జరిగింది, ఆ తర్వాతా జరిగింది. అప్పటికే ఆయన కూరలో ఉప్పు రెండుసార్లు వేయడం, ఎండలో గొడుగు వేసుకెళ్లి ఎక్కడో మరిచి రావడం ఆమె చూస్తూనే ఉంది. వయసు కదా అని సరిపెట్టుకుంది. నర్సయి ఉండీ సరిపెట్టుకుంది. విశాఖ తీసుకెళితే పెద్ద డాక్టరు పరీక్షలన్నీ చేసి, ఇది మతిమరుపు జబ్బు, మందులతో కాస్త నెమ్మదిస్తుందిగానీ వెనక్కి పోదు అని చెప్పాడు. తిరుగు రైల్లో మాస్టారు కిటికీ పక్కన కూర్చుని సొరంగం వచ్చినప్పుడల్లా పిల్లాడిలా నవ్వారు. ఆమె మాత్రం చీకటి పడిన ఆ కాసేపూ కళ్లు తుడుచుకుంది.

ఒక ఆదివారం మాస్టారే పిలిచారు.

"సుక్రీ."

"ఆఁ నాన్నా."

"ఇలా రా. తలుపేసీ."

ఆమె తలుపు వేసి వచ్చి పక్కన కూర్చుంది. ఆయన గొంతు బాగా తగ్గించారు.

"నా పాస్‌వర్డులన్నీ నా పిల్లలేనే. బడిలో సదివిన గుంటడి ఇంటిపేరూ పేరూ, ఆడు సేరిన సంవత్సరం, పక్కనొక నక్షత్రం. గాసిగాడయిపోతే కనక, కనకయిపోతే రాజులమ్మ. ఇన్నాళ్లూ అలాగే ఎల్లిపోయింది. ఇప్పుడు ఎవుల వంతో తెలవట్లేదు. ఫొటోలో మొహాలున్నాయి, పేర్లు రావట్లేదే."

ఆమె కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

"నాకేటయిపోతన్నాదో నాకు తెలస్తన్నాది గుంటా. రూలు తగ్గించీయ్" అన్నారు. తనే నవ్వారు. "ఇంతమందికి గ్రేసు మార్కులేసి గట్టెక్కించినోణ్ణి. ఆకరికి నాకూ ఏసుకోవలసొచ్చింది."

బజార్లో నెట్ సెంటరు నడిపే విల్సన్‌ని పిలిపించారు. పాచిపెంట నుంచి వచ్చి స్థిరపడిన కుర్రాడు. తెర మీద ఆ నియమాలు చూసి కళ్లు తేలేశాడు.

"అక్కా, బేంకులో కూడా ఇంత లేదు. మాస్టారి ఖాతా తెరుచుకోదుగానీ నీ ఖాతాలోంచి మార్చీవచ్చు. నీక్కూడా మాస్టారితో సమానంగా పెత్తనం ఇచ్చీసున్నాది."

"నాకా? ఎవరిచ్చారు?"

"ఇంకెవులిత్తారు? కొన్న రోజే ఇచ్చీసినారు."

కట్టుకున్న భార్యకి కూడా ఇవ్వని పెత్తనం తనకి ఇచ్చి, ఇన్నేళ్లూ ఆ మాట పైకి చెప్పని మనిషి వైపు హేమలత తిరిగి చూసింది. మాస్టారు పైకప్పు చూస్తున్నారు.

విల్సన్ పన్నెండక్షరాలని ఎనిమిదికి దించాడు. పెద్దక్షరం, అంకె, గుర్తు అక్కర్లేదన్నాడు. నెలన్నర గడువు తీసేశాడు. ఒక్కొక్క నియమం పోతుంటే మాస్టారు గోడకి చేరగిలబడి, సొంత ఇంటి సామాను బయటపెడుతుంటే చూస్తున్నవాడిలా చూశారు. "అరగంట శిక్ష మాత్రం ఉంచరా. దొంగెదవలకి అదుండాలి" అన్నారు. కొత్త పాస్‌వర్డు పెట్టేటప్పుడు ఇద్దరినీ గోడవైపు తిరగమన్నారు. ముప్పై నాలుగేళ్ల నర్సూ, మీసాలొచ్చిన విల్సనూ బుద్ధిగా గోడవైపు తిరిగి నిలబడ్డారు.

ఆ గ్రేసు మార్కులు వానాకాలమంతా గట్టెక్కించాయి. కాఫీ పళ్లు ఎర్రబడి కోతలు మొదలయ్యేనాటికి తెర మళ్లీ బిగుసుకుంది. వేళ్లు సగం దూరం వెళ్లి దారి తప్పుతున్నాయి. "మీ యమ్మ పేరు పొడుగెక్కువే. మధ్యలో ఎక్కడున్నానో తెలవట్లేదు" అన్నారు మాస్టారు. ఎనిమిదికి దించాక ఆయన పెట్టుకున్నది రత్నమణి పేరన్నమాట! ఆ సంగతి అలా బయటపడింది.

ఈసారి విల్సన్ అక్కర్లేకపోయింది. హేమలత తనే నియమాల్లోకి వెళ్లి అక్షరాల సంఖ్యని సున్నా చేసేసింది. ఆయన పాస్‌వర్డు కూడా తీసేసింది. నొక్కితే చాలు, తెరుచుకుంటుంది. ఆయనకిక కష్టం లేదనుకుంది.

మర్నాడు మాస్టారు గుడ్డ మడతపెట్టి, కూర్చుని నొక్కారు. ఏమీ అడగకుండానే తెర తెరుచుకుంది. ఆయన కుర్చీతో సహా వెనక్కి జరిగారు.

"ఎవులో తాళం తీసీసినారు! లోపల నా పిల్లలున్నారు" అన్నారు.

ఎంత చెప్పినా వినలేదు. కంప్యూటరుకి అడ్డంగా కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు. అన్నానికి లేవలేదు, స్నానానికి లేవలేదు. బతిమాలితే "నానిక్కణ్ణుంచి కదిలితే ఎవలు సూత్తారు ఈలని?" అన్నారు. సాయంత్రానికి ఆ పెద్దమనిషి పెదవులు ఎండిపోతే ఆమెకి ప్రాణం ఉసూరుమంది. ఈయనకి తాళం ఉండాలి. ఆయన తీయగలిగిన తాళమే ఉండాలి. అది ఎంత చిన్నదైనా సరే.

అప్పుడే ఆమెకి ఆ ఆలోచన వచ్చింది. అందులో తన స్వార్థం కూడా ఉంది మరి. ఈ జబ్బు ఒక్కొక్క పేరే ఎత్తుకుపోతోంది. ఏదో ఒక పొద్దున తన పేరూ పోతుంది. ఆ పేరుని ఆయన రోజూ తన వేళ్లతో కొడుతూ ఉంటే? రోజూ కొట్టినది అంత బేగి పోతుందా? అక్షరాల సంఖ్యని అయిదు చేసి, తండ్రిని కూర్చోబెట్టింది.

"నాన్నా, మీ కూతురి పేరేటి?"

"సుక్రి" అన్నారు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

"అదే మీ తాళం. ఇంగ్లీషులో అయిదక్షరాలే."

ఆయన వేలు పట్టుకుని ఒక్కొక్క మీట మీదికి తీసుకెళ్లింది. తెర తెరుచుకుంది. మాస్టారి మొహం విప్పారింది. ఆ మొహం చూసిన ఉత్సాహంలో ఆమె ఇంకొక మాట అంది. ఆయన మాటే ఆయనకి అప్పజెప్పింది. సరదాకే అంది.

"ఎవలికీ సెప్పకండేం. కొండదేవత అడిగినా సెప్పకూడదు. ఒట్టెయ్యండి."

మాస్టారు ఆమె నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేశారు.

కంప్యూటరు రోజూ తెరుచుకుంటూనే ఉంది. పొద్దున్నే ఆమె వంటింట్లో ఉండగా ముందుగదిలోంచి అయిదు టక్‌లు, ఆ తర్వాత పెద్ద మీట చప్పుడు వినిపించేవి. ఆ పేరు ఆయన దగ్గర భద్రంగా ఉందని నిశ్చింతగా డ్యూటీకి పోయేది. పిలుపు ఆగిపోయిందని గమనించడానికి ఆమెకి చాన్నాళ్లే పట్టింది. మొదట "ఓలమ్మీ" అన్నారు, తర్వాత "ఇదిగో" అన్నారు. తెల్లకోటుతో చూసి చూసి చివరికి "సిస్టరుగారూ" అనడం మొదలుపెట్టారు. తెర మీద రత్నమణి ఫొటో వచ్చినప్పుడు "ఎవులో మంచావిడలా ఉన్నాది" అన్నారు ఒకనాడు. అంతకుముందు నెలల తరబడి రోజూ కొట్టిన పేరది. వేళ్లు దాన్ని వదిలిన కొద్దిరోజులకే మనసూ వదిలేసింది.

తన పేరు వేళ్లలో మాత్రం మిగిలింది, లోపల్నుంచి పోయింది అనుకుంది హేమలత. ఆసుపత్రిలో ఎవరైనా తండ్రి కూతుర్ని కేకేస్తే తనే వెనక్కి తిరిగి చూసేది. చూడలేక ధనుంజయ్ ఒకనాడు వంటింట్లోకి వచ్చి, కాస్త సిగ్గుపడుతూ "సుక్రీ" అన్నాడు.

"వొద్దు. నువ్వలా పిలవకు. నువ్వు హేమా అనే అను" అని కూలబడి ఏడ్చింది. అతను పక్కన కూర్చుని వీపు నిమిరాడు. పాపం, అతను మాత్రం ఏం చేస్తాడు?

ఒక శుక్రవారం సంతకి వెళ్లి వచ్చి, తండ్రిని వసారాలో ఎండపొడలో కూర్చోబెట్టి గోళ్లు తీస్తోంది. ఆయన ఆవేళ హుషారుగా ఉన్నారు. కొండ మీద మంచు విడిపోతుంటే దాన్నే చూస్తున్నారు. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు. పుండుని గోకకుండా ఉండలేరు కదా మనుషులు.

"మాస్టారూ, మీకు పిల్లలున్నారేటి?"

"ఎందుకు లేరు? ఒక గుంట ఉన్నాది."

"ఏం సేత్తాది?"

"బేగి వచ్చేత్తాదిలెండి. మంచి గుంట. నానంటే పేణం."

ఆమె గోళ్ల కత్తెర పక్కన పెట్టింది.

"పేరేటి?"

మాస్టారు మళ్లీ కొండ వైపు తిరిగారు. ఇంతే, పోయింది అనుకుని ఆమె మళ్లీ కత్తెర తీసుకోబోయింది. అప్పుడాయన అటూ ఇటూ చూసి, ముందుకి వంగి, దొంగనవ్వు నవ్వారు.

"సెప్పకూడదు సిస్టరుగారూ. అది తాళం."

"ఏటి?"

"మా గుంట పేరే నా తాళం. ఎవలికీ సెప్పొద్దని నా సేత ఒట్టేయించుకున్నాది. అందికే పేరెట్టి పిలవను కూడా పిలవను. ఎవలైనా ఇంటే?"

"నాకు సెప్పండి, పరవాలేదు. నానెవలికీ సెప్పను."

"మీరు మంచోరే. మందులిత్తారు, గోళ్లు తీత్తారు. కాదన్ను. అయినా సెప్పను. మా గుంటకి మాటిచ్చీసినాను."

ఆయన చెయ్యి ఇంకా ఆమె చేతుల్లోనే ఉంది. ఆమెకి నవ్వు వచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపయింది. పోలేదు. తన పేరు ఎక్కడికీ పోలేదు. ఆయన దాన్ని పిడికిట్లో బిగించి దాచుకున్నారు. ఎవరి నుంచి దాచకూడదో ఆమె నుంచే దాస్తున్నారు. పెళ్లాం అలిగి పస్తు పెట్టినా లొంగని మనిషి, ఈ సిస్టరుకి లొంగుతాడా? ఒట్టు వేయించుకున్నది ఎవరు? తనే. లోకంలో తనని ఆ పేరుతో పిలిచే ఒకే ఒక్క నోటికి తన చేత్తో తనే తాళం వేసుకుంది.

ఆ మధ్యాహ్నం మాస్టారు నిద్రపోతుండగా విల్సన్‌కి ఫోను చేసింది. "నిమిషం పనక్కా. ఇంకో మాటేదైనా తాళంగా పెట్టీ. ఇది తాళం కాదు, ఇంక పిలవండి అని మాస్టారికి సెప్పీ" అన్నాడు అతను. ఆమె తన ఖాతాలోంచి తండ్రి ఖాతాకి వెళ్లింది. కొత్త పాస్‌వర్డు ఏమిటని తెర అడిగింది. ఖాళీ గడిలో గీత వెలిగి ఆరుతోంది. ఏదైనా అయిదక్షరాలు చాలు. రేపు పొద్దున్న "సుక్రీ" అని పిలుస్తారేమో. ఒక్కసారి పిలిస్తే చాలు అనిపించింది, ఆ ఒక్కసారి కోసం వేళ్లు మీటల మీదికి వెళ్లాయి కూడా.

అప్పుడు తల్లి గుర్తొచ్చింది. గాసి, కనక, రాజులమ్మ, ఆయన వేళ్లు వదిలేసిన పిల్లలందరూ గుర్తొచ్చారు. పొద్దున్నే వేళ్లతో తడమని పేరేదీ ఆ బుర్రలో నిలవలేదు. పిలిపించుకోవాలంటే పోగొట్టుకోవాలి. ఉంచుకోవాలంటే వినకుండా ఉండాలి. ఆమె చాలాసేపు ఆ గడి ముందు కూర్చుంది. చివరికి ఏమీ కొట్టకుండా మూసేసి, గుడ్డ కప్పింది.

మాస్టారు లేచాక టీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

"మాస్టారూ, ఆ తాళం సంగతి. ఎవలడిగినా సెప్పకండి. నానడిగినా సెప్పకండి."

"మీకసలే సెప్పను" అన్నారు మాస్టారు, టీ ఊదుకుంటూ.

మర్నాడు పొద్దున్న పొయ్యి మీద అంబలి కుతకుతలాడుతోంది. ముందుగదిలో గుడ్డ దులిపిన చప్పుడయింది, కుర్చీ జరిగింది. హేమలత గరిటె ఆపి నిలబడింది. టక్. టక్. మూడోది వెతుక్కోవడానికి ఆయనకి కొంచెం సమయం పట్టింది. టక్. తర్వాత రెండూ వెంటవెంటనే వచ్చాయి. ఆఖరున పెద్ద మీట పడింది.

"ఆఁ నాన్నా" అందామె, ఆయనకి వినపడనంత మెల్లగా.